డ్యూటీ మార్చారు, అడగొచ్చా?

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఓ బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా డ్యూటీ. ‘ఒకటో తారీఖు నుంచి నాంపల్లి బ్రాంచికి వెళ్లు. పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉండాలి. దారి అలవెన్సు ఇక ఇవ్వం’ అని మేనేజరు నోటిమాటగా చెప్పారు. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా అడగొచ్చు. అయితే మూడు విషయాలనూ కలిపేయకండి. బ్రాంచి మార్పు సంగతి మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందేమో ముందు చూడండి. బదిలీ షరతు ఉంటే ఆ మార్పును కాదనడం కష్టం. పని వేళలు, అలవెన్సుల కథ వేరు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్ ప్రకారం వీటిని మార్చాలంటే ముందుగా నోటీసివ్వాలి. 21 రోజులు ఆగాలి. పాత 1947 చట్టంలోనూ ఈ నియమం ఉండేది.

మేనేజరు ఖాళీగా ఉన్నప్పుడు మర్యాదగా మాట్లాడండి. అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఇలా పెట్టండి: ‘సార్, మీరు చెప్పిన కొత్త టైమింగులు, అలవెన్సు రద్దు గురించి రాతపూర్వకంగా తెలియజేయగలరు. అప్పటిదాకా పాత వేళల్లోనే వస్తాను.’ జవాబు రాకపోతే అదే విషయం లేఖగా రాసి ఆబిడ్స్ జీపీవోలో స్పీడ్ పోస్టు చేసి, రశీదు దాచుకోండి. అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖను ఆశ్రయించండి. డ్యూటీ మాత్రం ఎగ్గొట్టకండి. అది మీకే ఎదురు తిరుగుతుంది. తోటి సిబ్బందికీ ఇదే మార్పు వస్తే అందరూ కలిసి ఆ లేఖ మీద సంతకాలు చేయండి.