ఏ లారీ మేలు?

అతను విజయవాడలో లారీ డ్రైవరు. ఆటోనగర్ నుంచి చుట్టుపక్కలకు సరుకు తోలతాడు. రోజుకు 700 రూపాయలు. రాత్రికి ఇంటికొస్తాడు.

ఒకరోజు వేరే ఓనరు పిలిచాడు. "కలకత్తా లారీ ఎక్కు. ట్రిప్పుకు 8,500 ఇస్తా" అన్నాడు. కలకత్తా సుమారు 1,200 కిలోమీటర్లు. పోయి రావడానికి, లోడు కోసం ఆగడానికి కలిపి 8 రోజులు. నెలకు 3 ట్రిప్పులు.

"నెలకు 25,500! ఇక్కడ 26 రోజులు తోలినా 18,200 లే" అని మురిసిపోయాడు.

భార్య రాత్రి బడిలో లెక్కలు నేర్చుకుంది. పలక తీసింది.

"మావా, దారిలో తిండికీ టీకీ రోజుకు ఎంతవుద్ది?"

"400 అవుద్ది."

"24 రోజులకు 9,600. పోతే మిగిలేది 15,900."

ఇక్కడి లెక్కా వేసింది. టీలకు రోజుకు 50. క్యారేజీలో అన్నం ఊరికే రాదు కదా! దానికి 40 రాసింది. 26 రోజులకు 2,340. మిగిలేది 15,860.

తేడా 40 రూపాయలు! దానికోసం నెలలో 24 రోజులు ఇల్లు వదలాలి.

"బత్తా వేరే ఇస్తాడా? అడిగావా?"

"అడగలేదే!"

"రోజుకు 400 బత్తా వేరే ఇస్తే 25,500 మనకే. అప్పుడు ఆలోచిద్దాం. లోడు దొరక్క ఎక్కువ రోజులు ఆగితే బత్తా ఉందా? అదీ అడుగు."

రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసిచ్చింది. అతను చొక్కా జేబులో పెట్టుకుని ఓనరు దగ్గరికి బయల్దేరాడు.