పులుసు చేసే తీరు

అక్కలారా! మీ ఇంట్లో సెల్‌ఫోను ఉంది. అందులో తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. ఫోనులోకి తెలుగు ఎట్టా వచ్చింది? ఎప్పుడైనా ఆలోచించారా?

ముందు ఒక చిన్న మాట.

మన సూళ్లూరుపేటలో చేపల పులుసంటే చాలామందికి ఇష్టం. ఒకామె పులుసు పెడుతుంది. చేసే తీరు మాత్రం చెప్పదు. ఇంకొకామె పులుసు పెట్టి, చేసే తీరు కూడా చెబుతుంది. "మీరూ చేసుకోండి. కారం ఎక్కువైతే తగ్గించుకోండి. పదిమందికీ చెప్పండి" అంటుంది.

కంప్యూటరుకు, ఫోనుకు పని చెప్పే రాతను సాఫ్ట్‌వేర్ అంటారు. చాలా కంపెనీలు ఆ రాతను దాచిపెడతాయి. దాచకుండా అందరికీ ఇచ్చేదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. దాన్ని ఎవరైనా చదవొచ్చు. మార్చొచ్చు. పంచొచ్చు.

1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. దాన్ని అందరి ముందు పెట్టాడు. వేలమంది తలా ఒక చెయ్యి వేశారు. నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉండేది ఆ లినక్సే.

తెలుగుకు కూడా ఇట్టాగే సాయం అందింది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు కంప్యూటరు కోసం పోతన, వేమన అనే అక్షరాలు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. అది అందరూ కలిసి రాసే విజ్ఞాన పుస్తకం. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు తెలుగులో నడిచే కంప్యూటరు వ్యవస్థను తెచ్చారు. లాభం తక్కువైతే కంపెనీ తెలుగును పట్టించుకోకపోవచ్చు. రాత చేతిలో ఉంటే మనవాళ్లే తెలుగును చేర్చుకోవచ్చు.

"దీంతో మనకేం పని?" అంటారా?

మన పొదుపు సంఘం లెక్కలు కంప్యూటరులో పెట్టామనుకోండి. రాత దాచిన కంపెనీ రేపు ధర పెంచితే? మూతపడితే? లెక్కలు మనవే, తాళంచెవి వాళ్లది! రాత తెరిచి ఉంటే, పని తెలిసిన మరొకరు దాన్ని బాగుచేయగలరు. బడికైనా, ఆఫీసుకైనా ఇదే మాట.

ఒకటి గుర్తుంచుకోండి. డబ్బు అడగనివన్నీ ఓపెన్ సోర్స్ కావు. ఉచితంగా ఇచ్చి రాతను దాచేవీ ఉన్నాయి. రాత తెరిచి ఉన్నా, దాన్ని చదివి బాగుచేసే మనిషి కావాలి. ఆ మనిషి రేపు మన అమ్మాయే కావచ్చు. అందుకే ఆమె చదువు ఆపకండి.

చర్చించండి:
1. చేసే తీరు చెబితే పులుసు తరిగిపోతుందా?
2. మన సంఘం లెక్కల తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?
3. మీకు తెలిసిన ఏ పనిని పక్కింటామెకు నేర్పుతారు?