పూటకూళ్లయిల్లు - పట్టణచరిత్ర

పట్టణచరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు, యుద్ధములు, తేదీలు జ్ఞప్తికి వచ్చును. అవి ఆవశ్యకములే. కాని ఒక పట్టణమున ఎవరెవరు నివసించిరి, ఎక్కడినుండి వచ్చిరి, ఏమి తిని ఏ పని చేసిరి అను సంగతులు శాసనములలో అరుదుగా దొరకును. అవి వీధుల పేరులలోను, సందులలోని చిన్న ఫలహారశాలలలోను, తోపుడుబండ్ల మీద అమ్మెడి తినుబండారములలోను నిలిచియుండును. ఈ పాఠములో మనము నివసించు చెన్నపట్టణమును ఆ దారిని పరిశీలింతము.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదు. ఓరుగంటి నగరమును వర్ణించు 'క్రీడాభిరామము' అను కావ్యము కలదు. అది వినుకొండ వల్లభరాయని కృతిగా ప్రసిద్ధము; శ్రీనాథునిదని కొందఱు పండితుల మతము. అందు గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దఱు ఓరుగంటి వీధులలో తిరుగుచు వింతలు చూచుచు, ఆకలి వేళకు పూటకూళ్లయింటికి పోవుదురు. పూటకూడు అనగా ఒక పూట భోజనము. వెల పుచ్చుకొని దానిని పెట్టెడి ఇల్లు పూటకూళ్లయిల్లు. నేటి మెస్సునకును హోటలునకును అదియే పూర్వరూపము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' చదివినవారికి పూటకూళ్లమ్మ పరిచితురాలే గదా!

ఒక్క రూక యిచ్చినచో ఆ యింట మంచి అన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, అప్పుడు కాచిన నెయ్యి, అరటిపండ్లు, గడ్డపెరుగు లభించునని కవి ఒక పద్యమున లెక్కపెట్టి చెప్పినాడు. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు వశమయ్యెను. రాజ్యము పోయెను; కాని ఆ రూక భోజనము పోలేదు. నాటి జనజీవనమును గూర్చి వ్రాయు చరిత్రకారులు నేటికిని ఆ పద్యమును ఎత్తిచూపుచునే యున్నారు. తిన్నది అరగిపోవును, వ్రాసినది నిలుచును. ఈ ఒక్కమాట మనసున నుంచుకొని బయలుదేఱుదము.

ఎల్లఱాయి

ప్యారీస్ కార్నరు వద్ద, డేర్ హౌస్ అను పెద్ద కట్టడము ప్రక్కన, ఒక చిన్న రాతిస్తంభము కలదు. దినమునకు వేలమంది దాని ప్రక్కగా నడచిపోవుదురు; నిలిచి చూచువారు అరుదు. దాని కథ యిది.

1639లో ఆంగ్ల వర్తకులకు ఈ తీరమున కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చినవారు దామెర్ల నాయకులు. వారు తెలుగువారు. వారి తండ్రియగు చెన్నప్ప నాయకుని పేరిటనే చెన్నపట్టణమను పేరు కలిగెనని ప్రసిద్ధి. కోటకు ఉత్తరమున వర్తకులు, నేతగాండ్రు, అద్దకపువారు ఇండ్లు కట్టుకొని యొక ఊరు ఏర్పఱచుకొనిరి. ఫ్రెంచివారితో యుద్ధములు జరిగిన పిదప, కోటగోడలకు సమీపమున ఇండ్లుండుట అపాయకరమని ఆంగ్లేయులు ఆ పాత ఊరును తొలగించి, కోటముందఱ నేలను ఖాళీగా నుంచిరి. ఇక నెవరును ఇండ్లు కట్టరాని ఆ మేరను తెలుపుటకు 1773లో ఆఱు స్తంభములు నాటిరి. అందు మిగిలినది ఈ యొక్కటియే. నేటి హైకోర్టు భవనము (1892) ఆ ఖాళీనేల మీదనే వెలసినది. ఇండ్లు కోల్పోయినవారు ఉత్తరముగా జరిగి నెలకొల్పిన పేటయే నేటి జార్జిటౌను.

కొత్వాలు చావడి, ఆర్మీనియను వీధి

జార్జిటౌనులోని కొత్వాలు చావడి అనేక దశాబ్దములు నగరమంతటికిని కూరగాయలు పంచిన బజారు. ఆ స్థలము తెలుగు వైశ్యుల కన్యకాపరమేశ్వరీ దేవస్థానమునకు చెందినది. 1996లో కూరగాయల బజారు కోయంబేడునకు తరలింపబడెను. బజారు పోయినను పేరు నిలిచినది, దేవస్థానము నిలిచినది. సమీపముననున్న తంబుచెట్టి వీధినుండి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'ఆంధ్రపత్రిక' వెలువడుచుండెను. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆ పత్రిక 1914లో ఇక్కడ దినపత్రికయయ్యెను. తెలుగునాట నాడు అచ్చుకూటములు లేకపోలేదు. అయినను వావిళ్లవారి గ్రంథములు మొదలుకొని ఎన్నో తెలుగు పుస్తకములు ఈ పట్టణముననే అచ్చయి తెలుగు జిల్లాలకు పోవుచుండెను.

ఇక ఆర్మీనియను వీధిని చూడుడు. పశ్చిమాసియానుండి వర్తకమునకై వచ్చిన ఆర్మీనియనులు ఇక్కడ 1772లో కట్టుకొన్న చర్చి నేటికిని ఉన్నది. లోపలి ఆవరణములో అడుగడుగునను వారి లిపి చెక్కిన సమాధిఫలకములు. వారి సంఖ్య యేనాడును స్వల్పమే. అయినను ప్రపంచమున ఆర్మీనియను భాషలో మొట్టమొదటి పత్రిక 'అజ్దరార్' 1794లో ఈ పట్టణముననే అచ్చయ్యెను. దానిని నడపినవాడు ఒక మతాచార్యుడు. నేడిక్కడ ఆ భాష మాటలాడు కుటుంబములు లేవు. ఱాళ్లు మాత్రమే ఆ లిపిని మోయుచున్నవి. అల్పసంఖ్యాకుల భాష ఎంత గొప్పపని చేయగలదో, ఇండ్లలో వినబడుట మానినచో ఏమగునో, రెండు సంగతులును ఆ యొక్క వీధియే చెప్పుచున్నది.

మింటు వీధి మురుకులు

టంకసాల యుండుటచే మింటు వీధికి ఆ పేరు వచ్చినది. తమిళమున దానిని తంగసాలై యందురు. ఆ ప్రాంతపు షావుకారుపేటలో గుజరాతీలు, మార్వాడీలు తరములుగా స్థిరపడినారు. అందుచే అక్కడ సాయంకాలము నేతిజిలేబి, బాదంపాలు, కచోరి వాసనలు వీధినిండ వ్యాపించును. అక్కడనే మురుకుల శాండ్విచ్చి అను వింత తినుబండారము దొరకును. రొట్టెముక్కలకు బదులు రెండు మురుకులు. వాని నడుమ టొమాటో, కీరదోస ముక్కలు, పచ్చచట్నీ, మసాలాపొడి. నడిమి రుచి ఉత్తరదేశపుది, పైకప్పు దక్షిణదేశపుది. రెండు జాతులు ఒకే వీధిలో చిరకాలము కలిసి బ్రదికినగాని అట్టి పదార్థము పుట్టదు.

ఓడలెక్కి వచ్చిన అత్తో

బీచి రైలుస్టేషను సమీపమున, బర్మాబజారు వెనుక సందులలో, సాయంకాలము కొన్ని బండ్లు వెలయును. వాని మీద అమ్మెడి పదార్థము 'అత్తో'. ఉడికించిన పసుపుపచ్చని లావుపాటి సేమియాను, కోసుకూర తరుగు, ఉల్లి, చింతపండు పులుసు, కారము, వెల్లుల్లి వేగిన నూనెతో చేతితోనే కలిపి యిత్తురు. ప్రక్కన అరటిదవ్వ వేసి కాచిన వేడిచారు.

ఇది బర్మాదేశపు వంట. బర్మాలో 1962లో సైనికపాలన వచ్చెను. పిమ్మట వర్తకములు ప్రభుత్వపరము కాగా, అచట తరములుగా నున్న భారతీయ కుటుంబములు వేలకొలదిగా సర్వస్వము విడిచి ఓడలెక్కి తిరిగి వచ్చినవి. అట్లు వచ్చినవారి జీవనోపాధికై 1969లో ఏర్పడినదే బర్మాబజారు. ఆస్తిని తెచ్చుకొనలేకపోయిరి, వంటను మాత్రము తెచ్చుకొనిరి.

ఇందు తెలుగువారికిని పాలున్నది. యానామునకు సమీపముననున్న కోరంగి రేవునుండి పూర్వము వేలమంది తెలుగువారు కూలికై బర్మాకు పోయిరి. అందుచే అక్కడ వారిని కోరంగీలని పిలిచెడివారు. తిరిగివచ్చినవారి పేరనే విశాఖపట్టణములో నేటికిని బర్మాక్యాంపు అను పేట యున్నది.

సాంబారులో మునిగిన ఇడ్లీ

తిరువల్లిక్కేణిలోని రత్నా కేఫు సాంబారు ఇడ్లీకి పేరుపొందినది. ఇడ్లీ కనబడకుండ సాంబారు పోయుట అచటి ఆచారము. చెన్నపట్టణపు రుచి యనగా ఇదియే యని పలువురు చెప్పెడి ఆ హోటలును 1948లో స్థాపించినది ఉత్తరప్రదేశమునుండి వచ్చిన కుటుంబము! మఱి నగరమునకు మసాలాదోసె నలవాటు చేసినవారిలో ముఖ్యులు ఉడుపి ప్రాంతపువారు. వంటింటి కుఱ్ఱవాడుగా జీవితము నారంభించిన కె. కృష్ణారావుగారు 1938లో రాయపేటలో ఉడ్‌లాండ్స్ హోటలును స్థాపించిరి. ఆ సంస్థవారు 1962లో తెఱచిన డ్రైవిన్ ఉడ్‌లాండ్స్‌లో చెట్లనీడ కారులలోనే కూర్చుండి ఫలహారము చేసెడివారు. అది 2008లో మూతపడెను. నేడా స్థలమున సెమ్మొళి పూంగా అను ఉద్యానము కలదు. అక్కడ తిరుగు బాలురలో ఎందఱికి ఆ దోసెల సంగతి తెలియును?

నగరమున పలుచోట్ల కనబడు ఆంధ్రామెస్సులు మన పూటకూళ్లయిండ్లకు వారసులు. అరటియాకు, ముద్దపప్పు, నెయ్యి, కందిపొడి, గోంగూర పచ్చడి, వడ్డించువాడు "ఇంకొంచెము వేయనా?" అని తెలుగున అడుగుట.

మనది ఏ ఊరు?

ఒకనాడు తరగతిలో ఒక బాలిక మమ్ము ఇట్లడిగినది: "అయ్యా, మీరు ఏ ఊరివారని అందఱును మమ్మడుగుదురు. మా ముత్తాతగారు కూడ ఇక్కడనే పుట్టినారట. మనది ఏ ఊరని చెప్పవలెను?"

పైన చెప్పిన వీధులే ఆమెకు మా జవాబు. ఈ పట్టణమున ఆర్మీనియనులు, గుజరాతీలు, ఉడుపివారు, బర్మానుండి వచ్చినవారు, తమిళ జిల్లాలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు, తెలుగువారు - అందఱును ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవారే. అందఱును కలిసి వండిన వంటయే ఈ పట్టణము. కావున "మాది చెన్నపట్టణము, మా యింటి భాష తెలుగు" అని తల యెత్తి చెప్పవచ్చును. ఈ రెండు మాటలకును వైరుధ్యము లేదు. తమిళమును చక్కగా నేర్చినంత మాత్రమున తెలుగు తగ్గదు. తెలుగు నిలుపుకొన్నంత మాత్రమున తమిళమునకు లోటు రాదు.

అయితే తల్లిదండ్రులకొక మనవి. మన యిండ్లలో కొన్నిట చారు అను మాట పోయి రసమే మిగిలినది. కూర పోయి పొరియల్ వచ్చినది. పొరుగుమాట వచ్చుట తప్పు కాదు, దానికై ఇంటిమాట వెడలిపోవుట నష్టము. పదార్థము మారలేదు, దాని పేరుతో కూడిన అవ్వమాట, సామెత, కథ మాత్రము పోవుచున్నవి. వడ్డించునప్పుడు పేరు చెప్పి వడ్డించుడు. అది ఖర్చు లేని పాఠశాల.

అభ్యాసము

1. మీ వీధిలో అన్నింటికంటె పాతదైన కాఫీ హోటలో, మిఠాయి అంగడియో, బండియో ఏది? దానివారు ఏ ప్రాంతమునుండి, ఏ కారణమున వచ్చిరో మర్యాదగా అడిగి తెలిసికొని పది వాక్యములు వ్రాయుడు.

2. మీ వీధికి ఆ పేరు ఎట్లు వచ్చినది? పెద్దలు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసి, రుజువు దొరికినదానిని వేఱుగా గుర్తింపుడు.

3. మూతపడిన యొక హోటలును గూర్చి మీ తాతగారినిగాని అమ్మమ్మగారినిగాని అడుగుడు. అప్పటి వంటకములను, వెలలను పట్టికగా వ్రాయుడు.

4. మీ యింట ఒక వారములో వండిన వంటకముల పేరులు తెలుగున వ్రాయుడు. తెలుగు పేరు తెలియనిచో ఖాళీ విడిచి, ఇంటి పెద్దలచే దానిని పూరింపజేయుడు.

5. క్రీడాభిరామములోని మిత్రులు నేడు మీ పేటకు వచ్చినచో వారిని ఎక్కడికి తీసికొనిపోవుదురు? ఏమి తినిపింతురు? ఎందుకు?