అవధాని బుర్ర, కంప్యూటర్ చిప్పు

అష్టావధానంలో నిషిద్ధాక్షరి వంతు వస్తుంది. అవధాని పద్యం ఎత్తుకుని ‘శ్రీ’ అంటాడు. తర్వాత ‘రా’ రాబోతోందని పసిగట్టిన పృచ్ఛకుడు, అంటే ప్రశ్నలడిగేవాడు, అది వద్దని అడ్డం పడతాడు. అవధాని దారి మార్చి ఇంకో అక్షరం అందుకుంటాడు. దాని తర్వాత మళ్లీ అడ్డు. ఇంతలో ఎవరో గంట కొడతారు. ఎన్నిసార్లు కొట్టారో ఆఖర్న చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి ‘పెసరట్టులో ఉప్మా ఎందుకు పెడతారండీ?’ అని కొంటెగా అడుగుతాడు. దానికి చమత్కారంగా జవాబిచ్చి, పద్యాన్ని ఆగినచోటి నుంచే కొనసాగించాలి.

గంటలు లెక్కపెట్టడం కంప్యూటర్‌కు ఓ లెక్కలోది కాదు. గణాలు, యతిప్రాసలు సరిచూసే సాఫ్ట్‌వేర్లూ వచ్చేశాయి. ఐబీఎం తయారుచేసిన డీప్ బ్లూ కంప్యూటర్ 1997లో సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు పరిశీలించి చదరంగంలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. వేగంలోనూ, మరపులేని నిల్వలోనూ యంత్రంతో పందెం కట్టడం దండగ.

మరి మెదడు గొప్ప ఎక్కడుంది? బరువు సుమారు 1.4 కిలోలు. నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. ఖర్చయ్యే శక్తి 20 వాట్లు, అంటే ఓ చిన్న బల్బు పాటి. నేటి అతిపెద్ద సూపర్ కంప్యూటర్లకు మెగావాట్ల కరెంటు కావాలి. డీప్ బ్లూకు చదరంగం తప్ప మరో ముక్క తెలియదు. కాస్పరోవ్ ఆట ముగించి లేచి, నడిచి, ఓటమికి బాధపడి, విలేకరులతో మాట్లాడాడు కూడా.

మళ్లీ అవధానానికి వద్దాం. గోదావరి సీమకు ఈ విద్య కొత్తది కాదు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి తిరుపతి వేంకట కవులుగా జతకట్టి, శతావధానాలతో ఊరూరా పండిత సభలను ఊపేశారు. మన కాలంలో పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చిన గరికిపాటి నరసింహారావు 1116 మంది పృచ్ఛకులతో మహాసహస్రావధానం చేశారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

చూసేవాళ్లకు అవధాని ఒకేసారి పది పనులు చేస్తున్నట్టుంటుంది. నిజానికి అతను ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్పి ముందుకు కదులుతాడు. ఆ క్షణంలో ఎదుటనున్న పృచ్ఛకుడు తప్ప అతనికి మరొకరు లేరు. అదే మొదటి రహస్యం. ఫోనులో రీల్స్ చూస్తూ పాఠం చదివే విద్యార్థి చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

రెండో రహస్యం ఛందస్సు. మనిషి అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచగలిగేవి ఏడు అంశాలు, అటూ ఇటూగా రెండు, అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త రాశాడు. ఉత్పలమాల పాదంలో అక్షరాలే ఇరవై. అయినా ఎలా నిలుస్తాయి? రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి. ఒక మాట జారినా ఆ రెండు చోట్లూ పట్టుకుని నడక వెంట వెళ్తే దొరికిపోతుంది. విడివిడి ముక్కలను ఒక వరుసలో కట్టేస్తే మెదడు మోయగలుగుతుంది.

ఇది పుట్టుకతో వచ్చే వరమేనా? 2017లో ‘న్యూరాన్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కాదంటుంది. మామూలు మనుషులకు రోజుకు అరగంట చొప్పున 40 రోజులు తర్ఫీదు ఇచ్చారు. మొదట్లో 72 మాటల జాబితాలో ముప్పైలోపే గుర్తుంచుకుని చెప్పినవారు చివరికి సగటున అరవైకి పైగా చెప్పారు. వాళ్లు నేర్చుకున్నది ఒకటే: తెలిసిన దారిలో ఒక్కో మలుపు దగ్గర ఒక్కో మాటను బొమ్మకట్టి ఉంచడం. రాజమండ్రి కుర్రాడికి కంబాలచెరువు, దేవీచౌక్, కోటగుమ్మం, పుష్కరఘాట్ వరుసగా కళ్లముందు మెదులుతాయి. పాఠంలోని నాలుగు ముఖ్యాంశాలను ఆ నాలుగు చోట్ల నిలబెడితే పరీక్ష హాల్లో ఆ దారినే నడిచి రావచ్చు.

అవధానంలో అసలు పరీక్ష చివర్న జరిగే ధారణ: పూరించిన పద్యాలన్నీ కాగితం లేకుండా తిరిగి అప్పజెప్పడం. చదువుకునే పిల్లలు, ఉద్యోగాల్లో ఉన్న పెద్దలు ఇంట్లోనే దీన్ని సాధన చేయవచ్చు. ఈ రాత్రి ఒక పేజీ చదవండి. పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. ఎక్కడ ఆగిపోయారో చూసుకుని, అప్పుడు పుస్తకం తెరవండి. ఫోను మాత్రం పక్కగదిలో ఉంచండి.