అమ్మ చేసే 365 వత్తుల కట్ట

కార్తీక పౌర్ణమి నాడు వెలిగించే 365 వత్తుల కట్టలు ఇప్పుడు ఏ పూజాసామాన్ల కొట్లో అడిగినా దొరుకుతాయి. పాలకొల్లులో మా అమ్మ మాత్రం బతికున్నంతకాలం చేత్తోనే చేసింది. తనకొక్కటే కట్ట. మిగతావన్నీ చూపు ఆననివాళ్లకి, చేతులు వణికేవాళ్లకి, బాలింతలున్న ఇళ్లకి. పూజగదిలో కూర్చున్న సేపుకంటే మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వీధరుగు మీద దూది ఏకిన సేపే ఎక్కువ. ఆమె భక్తిని నేను చూసింది ఆ అరుగు మీదే. ఆమె చేసే పద్ధతి ఇది.

పెరటి పత్తిచెట్టుకి కాయలు పగిలాక, మంచు ఆరనిచ్చి కోయాలి. చెట్టు లేకపోతే గింజ తీయని పత్తి తెచ్చుకోవచ్చు. చేటలో పోసి ఒక పూట ఎండబెడితే గింజ తేలిగ్గా వదులుతుంది. తీసిన గింజలు మా ఇంట్లో గేదె కుడితిలోకి వెళ్లేవి.

అసలు ఓపిక ఏకడంలో కావాలి. దూదిని గోటి చివరలతో విడదీస్తూ, అంటుకున్న ఎండుటాకు నలకల్ని ఒక్కొక్కటే ఏరాలి. నలక మిగిలితే దీపం చిటపటలాడుతుంది. అమ్మ ఏకిన దూదిని ఒళ్లో పరిచిన నల్లగుడ్డ మీద వేసి చూసేది. అప్పటికీ తెల్లటి దూదిలో దాక్కున్న నలక, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే బయటపడేది. ఇరుగుపొరుగుకిచ్చే వత్తులకైతే ఇంకోసారి చూసేది. తన దీపం చిటపటలాడితే ఫర్వాలేదుగానీ, ఇంకొకరి దీపం అలా కాకూడదని ఆమె పట్టుదల.

తర్వాత వత్తి. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త విభూతి రాసుకుంటే చెమట అంటదు, పోగు జారదు. ఎడమచేత్తో దూది పట్టుకుని, సన్నగా లాగుతూ మెలిపెట్టాలి. నాలుగు వేళ్ల పొడవు చాలు. మెలి మరీ బిగిస్తే నెయ్యి పీల్చదు, వదులైతే మసి కడుతుంది. ఎంత బిగువో మాటల్లో చెప్పడం కష్టం. మొదట ఒక్క వత్తి చేసి, వెలిగించి చూసుకోండి.

లెక్క తప్పకుండా యాభై చొప్పున ఏడు చిన్న కట్టలు కట్టి, వాటికి పదిహేను కలపాలి. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజుల లోటు తీరాలని రోజుకొక వత్తి. మన పంచాంగం చూస్తే మామూలు సంవత్సరానికి సుమారు 354 రోజులే కదా అని నేనంటే, "మిగిలిన పదకొండూ దీపం పెట్టే దిక్కులేని ఇళ్ల పేరున అనుకోవే" అనేది. అన్నిటినీ కలిపి నడుమ దూదిదారంతోనే చుట్టాలి. నైలాన్ దారం వద్దు, కాలితే కంపు.

ముందురోజు రాత్రే ఆవునెయ్యి గోరువెచ్చగా కరిగించి, కట్టని అందులో నాననివ్వాలి. నడిమి పోగుల దాకా నెయ్యి దిగాలి. పౌర్ణమి సాయంత్రం పెద్ద ప్రమిదలో, కింద ఇంకో ప్రమిద పెట్టి, కొసలు పైకి ఉండేలా నిలపాలి. కొసల మీద చిటికెడు కర్పూరం వేస్తే వెంటనే అంటుకుంటుంది. ఇన్ని వత్తులూ కలిసి ఒకటే పెద్ద మంటగా లేస్తాయి కాబట్టి, చీర చెంగు నడుముకి దోపుకునే వెలిగించండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అమ్మకి మర్నాడు కూడా పని ఉండేది. దీపాలు వెలిగించిన గుడి మెట్ల మీద, ప్రదక్షిణ దారిలో నెయ్యి ఒలికి గడ్డకడుతుంది. ముసలివాళ్లు జారిపడతారని తెల్లవారుజామునే బిందె, కొబ్బరిపీచు పట్టుకుని వెళ్లేది. ముందు పొడి బూడిద చల్లి కాసేపు ఆగాలి. తర్వాత కుంకుడు రసం పోసి పీచుతో రుద్ది కడగాలి. నీళ్లు బాగా వేడిగా ఉండాలి, చన్నీళ్లకి నెయ్యి కదలదు.