రక్షకభటుడు : పదం – పరిణామం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒకే వృత్తిలో ఉన్నవారిని శాసనం ఒక పేరుతో, గ్రంథం మరొక పేరుతో, వీధి వేరొక పేరుతో పిలుస్తాయి. ఆ పేర్ల వెనుక చరిత్ర ఉంటుంది. పిలిచేవారి భయం, గౌరవం, చనువు, ఆగ్రహం కూడా ఉంటాయి. పోలీసులను సూచించే తెలుగు, ఆంగ్ల పదాల ఆధారంగా అర్థపరిణామాన్నీ, సంబోధనలోని ఔచిత్యాన్నీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నర్సీపట్నానికి చేరువలో, మన్యపు కొండల అంచున ఉన్న ప్రాంతం గొలుగొండ. బ్రిటిషువారి కాలంలో నర్సీపట్నం కేంద్రంగా ఉన్న తాలూకాకు గొలుగొండ పేరే ఉండేది. నేటి గొలుగొండ మండలంలోనిదే కృష్ణదేవిపేట. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో ఇక్కడి పోలీసు స్టేషనును ముట్టడించాడు. దానికి ముందురోజు చింతపల్లి, మరునాడు రాజవొమ్మంగి స్టేషన్లు ఆయన వశమయ్యాయి. మూడు రోజులలో 26 తుపాకులు, రెండువేల అయిదు వందలకు పైగా తూటాలు విప్లవకారుల చేతికి వచ్చాయి.

ఈ పోరాటానికి నాటి ప్రభుత్వం పెట్టిన పేరు 'ఫితూరీ'. ఉర్దూ ద్వారా వచ్చిన ఈ మాటకు కలత, అల్లరి అని అర్థం. ప్రజలకు మాత్రం అది మన్యం విప్లవం. ఒకే సంఘటన పాలకుల నోట అల్లరి, పాలితుల నోట విప్లవం అయింది. ఆ 'ఫితూరీ' కాలక్రమంలో 'పితూరీ'గా మారి, నేడు ఒకరి మీద మరొకరికి చెప్పే చాడీ అనే అర్థంలో మిగిలింది. సామ్రాజ్యాన్ని కలవరపెట్టిన మాట ఇరుగుపొరుగుల తగవులలోకి దిగివచ్చిందన్నమాట. పదానికి కూడా మనిషికి లాగే ఉన్నతి, పతనం ఉంటాయి. నాడు ముట్టడికి గురైన స్టేషన్లలో పనిచేసిన ఉద్యోగి పేరుకు కూడా అటువంటి చరిత్రే ఉంది.

ప్రాచీన నామాలు

పోలీసు అనే మాట మన దేశానికి కొత్తది కాని, పోలీసు చేసే పని కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగర పాలనకు, రక్షణకు బాధ్యుడైన అధికారి 'నాగరకుడు'. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకం ఆరంభంలో రాజముద్రిక దొరికిన జాలరిని ఇద్దరు రక్షకులు బంధించి తెస్తారు. వారి పై అధికారి రాజుగారి బావమరిది. విచారణ పూర్తి కాకముందే ఆ రక్షకులు జాలరిని దొంగగా నిశ్చయించి బెదిరిస్తారు. రాజు అతనికి బహుమానం ఇప్పించగానే వారి ధోరణి మారుతుంది. జాలరి తన బహుమానంలో సగం వారికిస్తాడు. అందరూ స్నేహితులై మద్యశాలకు బయలుదేరుతారు. అధికారం చేతిలో ఉన్నవాడు బలహీనుని పట్ల ఎలా ప్రవర్తిస్తాడో మహాకవి అంత చిన్న సన్నివేశంలో చూపాడు.

సంస్కృతంలోని 'ఆరక్షకుడు' తెలుగులో 'ఆరెకుడు' అయింది. కావ్యభాషలో ఆరెకులు రాత్రివేళ నగరం కాచేవారు. పల్లెలో ఆ పని చేసినవాడు తలారి. ఈ తలారి చరిత్ర మరింత ఆసక్తికరమైనది. క్రీస్తుశకం మూడవ శతాబ్దానికి చెందిన నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాలలో 'మహాతలవర' అనే బిరుదు కనిపిస్తుంది. రాజవంశంతో వియ్యమందిన ప్రభువులు ధరించిన బిరుదు అది. 'తలవరి', 'తలారి' రూపాలను పండితులు ఆ పదంతో ముడిపెడతారు. రాజబంధువుల బిరుదు చివరకు చేతికర్ర పట్టుకొని ఊరు కాచే చిరుద్యోగి పేరయింది. ఉన్నతార్థం గల పదం కాలక్రమంలో తక్కువ అర్థానికి దిగడాన్ని భాషాశాస్త్రంలో 'అర్థాపకర్ష' అంటారు.

మధ్యయుగంలో పారసీక, అరబ్బీ, హిందుస్తానీ పదాలు పాలనాభాషలో ప్రవేశించాయి. కోటను పాలించేవాడనే అర్థం గల 'కోట్టపాల' శబ్దం పారసీకుల నోట పలికి 'కొత్వాలు'గా తిరిగివచ్చింది. 'దరోగా' మంగోలు భాష నుంచి బయలుదేరిన మాట. 'స్థాన' శబ్దం నుంచి 'ఠాణా', ఠాణాకు అధికారి కనుక 'ఠాణేదారు' ఏర్పడ్డాయి. హైదరాబాదు సంస్థానంలో నగర పోలీసు అధిపతి కొత్వాలు. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉండి ప్రసిద్ధి పొందారు. అక్కడి గ్రామీణులకు తెలిసిన ఠాణా అధికారి 'అమీను'. అరబ్బీలో అమీను అంటే నమ్మదగినవాడు. పేరులోని నమ్మకం పనిలోనూ కనబడినప్పుడే పేరు సార్థకమవుతుంది.

ఆంగ్లపదాల కథ

ఆంగ్లేయుల పాలనతో వచ్చిన పదాలు వేరు. 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన నిబంధన గ్రామాధికారులకు, తలారులకు పోలీసు బాధ్యతలను అప్పగించింది. 1859 నాటి చట్టంతో మద్రాసు రాజధానిలో నేటి తరహా పోలీసు శాఖ ఏర్పడింది. 'కానిస్టేబుల్', 'ఇన్‌స్పెక్టర్', 'సూపరింటెండెంట్' మన ఊళ్ళకు వచ్చాయి. గురజాడ అప్పారావు కన్యాశుల్కం మలికూర్పు (1909) నాటికి హెడ్ కానిస్టేబులు తెలుగు నాటకంలో ఒక పాత్రగా కుదురుకున్నాడు.

'పోలీసు' అనే పదానికి మూలం నగరం అనే అర్థం గల గ్రీకు శబ్దం 'పోలిస్'. అది లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లానికి చేరింది. మన 'నాగరకుడు' నగర శబ్దం నుంచి పుట్టినట్లే 'పోలీసు' కూడా నగర శబ్దం నుంచే పుట్టడం గమనించదగినది. 'కానిస్టేబుల్' పుట్టుక మరీ విచిత్రం. లాటినులో దాని మూలరూపానికి అశ్వశాలాధికారి అని అర్థం. మధ్యయుగపు ఫ్రాన్సులో ఆ పదవి సేనాధిపత్యం దాకా ఎదిగింది. నేడు అదే పదం పోలీసు శాఖలోని తొలిమెట్టును సూచిస్తుంది. మహాతలవరుడు తలారి అయినట్లే సేనాధిపతి కానిస్టేబులయ్యాడు.

ఇవి అధికారిక నామాలు. వీధిలో పుట్టిన నామాలు ఇంకొన్ని ఉన్నాయి. 1829లో బ్రిటన్ హోంమంత్రి రాబర్ట్ పీల్ లండన్ మహానగర పోలీసు వ్యవస్థను నెలకొల్పాడు. రాబర్ట్‌కు ముద్దుపేరు బాబీ. కనుక ప్రజలు కొత్త పోలీసులను 'బాబీ'లన్నారు. ఇంటిపేరును బట్టి 'పీలర్లు' అని కూడా అన్నారు. 'బాబీ'లో కొంత చనువు ఉంది. అమెరికాలో అధికంగా వినిపించే 'కాప్' మాటకు పట్టుకొనడం అనే అర్థం గల పాత క్రియ మూలమని నిఘంటుకారుల అభిప్రాయం. ఆ క్రియ నుంచి పట్టుకొనేవాడనే అర్థంలో 'కాపర్' వచ్చింది. రాగి బొత్తాముల వల్ల ఆ పేరు వచ్చిందనీ, కొన్ని ఆంగ్లపదాల తొలి అక్షరాల కూర్పే 'కాప్' అనీ చెప్పుకొనేవి తరువాత అల్లిన కథలు. పోలీసును పందితో పోల్చే నిందాపదమూ ఆంగ్లంలో ఉంది. అది కోపం పుట్టించిన మాట. సభ్యుల నోట రాదగినది కాదు.

తెలుగు వీధి తీరు

తెలుగులో ప్రామాణిక పదం 'రక్షకభటుడు'. రక్షకుడైన భటుడు అని విగ్రహవాక్యం. విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం. ఇది ఎక్కువగా గ్రంథాలలోనే నిలిచింది. వాడుకలో స్థిరపడినది 'పోలీసు'. ఆ మాటకు లింగభేదం లేకపోవడం వల్ల నేడు ఠాణాలలో పనిచేసే స్త్రీలకూ అది చక్కగా సరిపోతున్నది. 'భటుడు' అనే మాటకు ఆ వెసులుబాటు లేదు.

గౌరవానికి, అగౌరవానికి ఆంగ్లం వేరువేరు పదాలను వెతుక్కుంటుంది. తెలుగు చాలావరకు పదం చివరనే ఆ పని ముగిస్తుంది. 'పోలీసుగారు' అంటే గౌరవం. 'పోలీసాయన' అంటే మర్యాద. 'పోలీసోడు' అంటే చులకన. ప్రకృతి ఒకటే, ప్రత్యయం మారితే పలికినవాని మనసు బయటపడుతుంది. 'హెడ్డుగారు', 'ఎస్సైగారు' వంటి రూపాలలో ఆంగ్లపు ముక్కకు తెలుగు మర్యాద అతుక్కుంది.

'ఖాకీలు వచ్చారు' అనే వాక్యం చూడండి. ఖాక్ అంటే పారసీకంలో ధూళి. ధూళిరంగు బట్టకు ఖాకీ అని పేరు వచ్చింది. బట్ట పేరు దానిని తొడిగిన మనిషికి వచ్చింది. ఈటెలు పట్టిన భటులు వస్తుంటే ఈటెలే వస్తున్నాయనడాన్ని మన ఆలంకారికులు లక్షణావృత్తికి ఉదాహరణగా చెప్పారు. 'ఖాకీ' కూడా ఆ కోవలోనిదే. కారాగారాన్ని 'అత్తవారిల్లు' అనీ, 'శ్రీకృష్ణ జన్మస్థానం' అనీ అనడంలో కఠిన విషయాన్ని మృదువుగా చెప్పే సౌమ్యోక్తితో పాటు తెలుగువాని హాస్యం కూడా ఉంది. మోసగానిని 'ఫోర్ ట్వంటీ' అనడం భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షను వల్ల వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి, మోసం 318వ సెక్షనుకు మారింది. చట్టంలో అంకె మారినా ప్రజల నాలుక మీద పాత అంకె చెరిగిపోలేదు.

దుస్తులు – మనిషి

ఇన్ని పేర్ల నడుమ ఒక ప్రశ్న మిగులుతుంది. పేరు పెట్టేటప్పుడు మనం చూసేది మనిషినా, అతడు తొడిగిన దుస్తులనా? 'ఖాకీ' అనే మాట వేలమందిని ఒకే రంగులో ముంచుతుంది. అందులో లంచగొండి ఉంటాడు. వరదనీటిలో దిగి పసిబిడ్డను ఎత్తుకువచ్చేవాడూ ఉంటాడు. మాట వారిద్దరినీ వేరు చేయదు. అదే విధంగా ఠాణాకు వచ్చిన పేదవానిని 'ఏరా' అని పిలిచే నోరు అతని కష్టాన్ని చూడదు, చినిగిన చొక్కానే చూస్తుంది. జాలరి చేతులు కట్టిన రక్షకులు చేసినదీ ఇదే.

ఈ ప్రశ్నకు సమాధానం గొలుగొండ మన్యంలోనే దొరుకుతుంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో విప్లవకారులు పొంచి ఉన్నారు. పోలీసు దళం ఇరుకైన దారిలో వస్తున్నది. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను వారు కాల్చలేదు, ముందుకు సాగనిచ్చారు. తరువాత వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఆంగ్ల అధికారులు వారి తూటాలకు నేలకొరిగారు. భారతీయ పోలీసులకు హాని చేయరాదన్నది సీతారామరాజు నియమం. ఎదుటివాని ఒంటిమీద శత్రువుల దుస్తులున్నా లోపలి మనిషి తనవాడేనని ఆయన గుర్తించాడు. ప్రాణాలకు తెగించిన పోరులో సైతం ఆ వివేకం చెదరలేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ప్రభుత్వ బలగాలు ఆయనను కాల్చి చంపాయి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఒకనాడు తాను ముట్టడించిన ఠాణా ఉన్న ఊరిలోనే ఆయన శాశ్వతనిద్ర పొందుతున్నాడు.

స్వతంత్ర భారతంలో పోలీసు పరాయి ప్రభువు సేవకుడు కాడు. పౌరుల పన్నులతో జీతం పొందే ప్రజాసేవకుడు. ఫిర్యాదు వ్రాసే పౌరుడు 'స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి' అని పదవిని గౌరవిస్తూ ఆరంభిస్తాడు. ఆ కాగితం అందుకొనే అధికారి కూడా 'మీ పేరేమిటండీ?' అని మొదలుపెట్టినప్పుడు ఆ గౌరవం పరస్పరమవుతుంది. కంచే చేను మేస్తే కాచేదెవరని పెద్దలు హెచ్చరించారు. కంచె తన పని తాను చేసిన నాడు దానికి వేరే బిరుదు అవసరం లేదు. 'రక్షకుడు' అన్న పాత పేరే చాలు.

కఠిన పదాలు – అర్థాలు

అర్థాపకర్ష = పదానికి ఉన్న గొప్ప అర్థం తగ్గిపోవడం
ముద్రిక = ఉంగరం
కనుమ = కొండల మధ్య దారి
అశ్వశాల = గుర్రాల సాల
సౌమ్యోక్తి = కఠిన విషయాన్ని మృదువుగా చెప్పడం
లక్షణావృత్తి = ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధం గల వేరొక అర్థాన్ని బోధించే శబ్దశక్తి

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. 'తలారి', 'కానిస్టేబుల్' పదాల అర్థపరిణామంలోని పోలికలను వివరించండి.
2. దామనపల్లి సంఘటన ద్వారా వ్యక్తమైన సీతారామరాజు వివేకాన్ని తెలపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'బాబీ' అనే పేరు ఎవరి వల్ల వచ్చింది?
2. 'అమీను' అంటే అర్థం ఏమిటి?
3. 'రక్షకభటుడు' ఏ సమాసం?

ఇ) మీ ఊరిలో పోలీసులను, ఇతర ఉద్యోగులను పిలిచే పది పిలుపులను సేకరించి, వాటిలో గౌరవాన్ని, చనువును, చులకనను తెలిపే వాటిని వేరుచేయండి.