వీపున మోసే ముల్లె

ప్రయాణమనగానే తెలుగువారి నోట వచ్చే జంటపదం ‘మూటాముల్లె’. మూటలో బట్టలు, వస్తువులు ఉంటాయి. ముల్లెలో దాచుకొన్న సొమ్ము ఉంటుంది. పూర్వులు ఈ రెంటినీ వేరువేరుగా కాపాడుకొనేవారు. మూటను బండిలో పడవేసినా, ముల్లెను మాత్రం నడుముకో, కొంగుకో ముడివేసుకొనేవారు. నేటి ఉద్యోగి ఈ రెంటినీ ఒకే సంచిలో పెట్టి వీపున వేసుకొంటున్నాడు. అన్నం డబ్బా, గొడుగు, నీళ్ల సీసా ఒక ప్రక్క. నెలల తరబడి చేసిన పని నిక్షిప్తమై ఉన్న ల్యాప్‌టాప్ మరొక ప్రక్క. సంచి చిరిగితే ఇంకొకటి కొనవచ్చును. ల్యాప్‌టాప్ పగిలితే, కష్టమైనా, డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చును. వేరొక చోట నకలు తీసి ఉంచని పని పోతే అది ఏ అంగడిలోనూ దొరకదు. బ్యాక్‌ప్యాక్ అని వ్యవహరింపబడే ఈ వీపుసంచిని ఎన్నుకొనేటప్పుడు కొంత ఆలోచన అవసరం కావడానికి కారణమిదే.

హైదరాబాదులో ఈ సంచి ఇన్ని భుజాల మీదికి చేరడం వెనుక పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. దానితో హైటెక్ సిటీకి రూపం ఏర్పడింది. అటుపిమ్మట గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలకు కార్యాలయాలు విస్తరించి, సైబరాబాద్ అనే పేరు వాడుకలో స్థిరపడింది. తొలినాళ్లలో కంప్యూటరు కార్యాలయపు బల్లమీదనే ఉండేది. ఉద్యోగి మాత్రమే వచ్చి పోయేవాడు. క్రమంగా కంప్యూటరు చిన్నదై అతని వెంట నడవసాగింది. 2020లో కరోనా కారణంగా ఇంటి నుండి పని చేసే పద్ధతి వ్యాపించిన తరువాత, కొన్ని రోజులు ఇంట, కొన్ని రోజులు కార్యాలయంలో పని చేయడం చాలమందికి అలవాటైనది. అందువలన ల్యాప్‌టాప్ ప్రయాణం ఇంకా పెరిగింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నివసించే ఒక ఉద్యోగిని హైటెక్ సిటీకి వెళ్లే తీరును ఊహించండి. ఆమె మెట్రో ఎక్కడానికి ముందు సంచిని తనిఖీ యంత్రపు పట్టీపై పడుకోబెట్టాలి. అమీర్‌పేటలో రైలు మారాలి. జనసమ్మర్దంలో సంచిని వీపు నుండి తీసి ముందు వైపు తగిలించుకోవాలి. దిగిన పిదప ఆటోలోనో, నడిచో కార్యాలయం చేరాలి. సాయంత్రం ఇదే వరుస తిరుగుముఖం పడుతుంది. ఏడాదిలో ఈ సంచి కొన్ని వందలసార్లు నేలకు దింపబడుతుంది, ఎత్తబడుతుంది, ఒరుసుకొంటుంది. కొండలెక్కే యాత్రికుని సంచి ఏడాదికి పదిరోజులు కష్టపడితే, ఈమె సంచి ప్రతిదినమూ కష్టపడుతున్నది.

అంగడికి వెళ్లిన వారు సాధారణంగా సంచి రంగును, అరల సంఖ్యను చూస్తారు. తెలిసినవారు జిప్పు తీసి లోపలి వైపు చూస్తారు. పాడైపోయిన సంచులను గమనిస్తే ఈ సంగతి బోధపడుతుంది: గుడ్డ నడిమధ్యన చిరిగినవి తక్కువ, కుట్టు విడిపోయినవి, జిప్పు చెడినవి, పట్టీ మొదలంటా ఊడినవి ఎక్కువ. సంచి ఆయుర్దాయం గుడ్డలో కంటె అతుకులలో ఉన్నదన్నమాట. అయితే అమ్మకందారు చెప్పేది చాలవరకు గుడ్డను గురించే కనుక దాని సంగతి ముందుగా తెలుసుకొందాం.

సంచుల చీటీలపై 600డి, 1000డి, 1680డి వంటి అంకెలు కనిపిస్తాయి. ‘డి’ అంటే డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే దానిని అన్ని డెనియర్ల దారమంటారు. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో మార్గం సుమారు 10 కిలోమీటర్లు. ఇంచుమించు అంత దూరం పరచిన ఒక్క దారపు పోగు 600 గ్రాములు తూగితే అది 600 డెనియర్ల దారం. ఈ కొలత పట్టు వ్యాపారం నుండి వచ్చినది. పట్టుపురుగు వదిలే ఒంటిపోగు సుమారు ఒక డెనియర్ ఉంటుంది. డెనియర్ అనేది ఫ్రాన్సు దేశపు ఒక పాత నాణెం పేరు. అది లాటిన్ భాషలోని ‘దెనారియస్’ నుండి పుట్టినది. శ్రీనాథుని కనకాభిషేకాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు మనం వినే ‘దీనారం’ కూడ ఆ నాణెపు పేరు నుండి వచ్చినదే. కవిసార్వభౌముని బంగారు నాణేలకు, సంచి గుడ్డకు ఇటువంటి చుట్టరికం ఉండడం ముచ్చటైన విషయం.

అంకె పెద్దదైతే దారం లావుగా ఉన్నదని మాత్రమే అర్థం. గుడ్డ గట్టిదనం నేత సాంద్రతపైన, దారపు జాతిపైన, లోపలి పూతపైన కూడ ఆధారపడుతుంది. నైలాన్ ఒరిపిడికి బాగా ఓర్చుకొంటుంది. కాని తన బరువులో సుమారు 4 శాతం తేమను పీల్చుకొంటుంది, ఎండకు త్వరగా బలహీనపడుతుంది. పాలిస్టర్ పీల్చుకొనే తేమ అరశాతం కంటె తక్కువ. ఎండకు అది మేలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన నగరంలో ద్విచక్రవాహనంపై తిరిగేవారికి మంచి నేత గల 600 డెనియర్ల పాలిస్టర్ చాలును. అడుగు భాగంలో మాత్రం మందమైన గుడ్డ ఉండాలి. ‘బాలిస్టిక్ నైలాన్’ అనే పేరు విని మోసపోనవసరం లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమాన సిబ్బందిని పేలుడు శకలాల నుండి కాపాడే కవచాలకై ఆ గుడ్డను తయారుచేశారు. గట్టి గుడ్డే, కాని ఇప్పుడు ఆ పేరు ప్రచారానికే ఎక్కువగా ఉపయోగపడుతున్నది.

ఇక అతుకుల విషయం. భుజపు పట్టీ సంచితో కలిసే చోటును వేళ్లతో గట్టిగా లాగి చూడాలి. బరువంతా అక్కడనే వేలాడుతుంది. ఆ చోట చతురస్రం గీసి కర్ణాలు కలిపినట్లుగా కుట్టు ఉండాలి. లేదా బార్‌టాక్ అని దర్జీలు పిలిచే దట్టమైన అడ్డకుట్టు ఉండాలి. పట్టీ కొస గుడ్డ పొరల మధ్య లోతుగా జొప్పించబడి ఉన్నదా, అంచుకు తగిలించబడి ఉన్నదా అన్నది ముఖ్యం. కుట్లు మరీ దూరదూరంగా ఉంటే దారం తెగుతుంది. మరీ దగ్గరదగ్గరగా ఉంటే సూది రంధ్రాల వరుస తపాలా బిళ్లల కాగితంలో వలె పనిచేసి గుడ్డనే చింపుతుంది. లోపల గుడ్డ అంచులు పీచులు వదలకుండ వాటిపై సన్నని పట్టీ మడిచి కుట్టి ఉండాలి. ఈ పని కంటికి కనబడదు కాబట్టి చౌక సంచులలో మొదట ఎగరగొట్టేది దీనినే.

జిప్పు విషయంలో అంకెలు ఉపయోగపడతాయి. మూసిన పళ్ల వెడల్పును ఇంచుమించుగా మిల్లీమీటర్లలో తెలిపేదే జిప్పు సంఖ్య. చిన్న అరలకు 5వ సంఖ్య చాలును. ప్రధానమైన అరకు 8 లేక 10 ఉండడం మంచిది. జిప్పులో ముందుగా అరిగేది పళ్లు కాదు, వాటిని కలుపుతూ జరిగే రన్నర్. అది అరిగి వదులైనప్పుడు జిప్పు మూసిన వెనుకనే విచ్చుకొంటుంది. రన్నర్‌ను మార్చితే చాలు, సంచిని మార్చనక్కరలేదు. కొనేటప్పుడు సంచిని పూర్తిగా నింపి, మూలల మలుపుల దగ్గర జిప్పును ఒక్క చేతితో లాగి చూడాలి. ఖాళీ సంచిలో ప్రతి జిప్పూ సాఫీగానే నడుస్తుంది.

ల్యాప్‌టాప్‌కు రక్షణ ఎలా కలుగుతుందో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు స్వయంగా లెక్క వేయవచ్చును. 75 సెంటీమీటర్ల ఎత్తు గల బల్లపై నుండి జారిన వస్తువు నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు సుమారు 3.8 మీటర్లు. గట్టి నేలపై అది ఒక్క మిల్లీమీటరు దూరంలో ఆగిపోతే, దానిపై సగటున దాని బరువుకు సుమారు 750 రెట్ల బలం పనిచేస్తుంది. మెత్తని ఫోమ్ అణగడం వలన 10 మిల్లీమీటర్ల దూరంలో ఆగితే ఆ బలం 75 రెట్లకు తగ్గుతుంది. ఫోమ్ దెబ్బను మాయం చేయదు, ఆగే దూరాన్ని పెంచుతుంది. కావున వ్రేలితో నొక్కగానే పూర్తిగా అణగిపోయే ఫోమ్ వలన ప్రయోజనం తక్కువ. రాయివలె అణగనిది కూడ నిరుపయోగమే.

ఇంతకంటె ముఖ్యమైనది ఆ అర అడుగుభాగం. మన ఇండ్లలో పాలకుండ, పెరుగుకుండ నేలకు తగలకుండ ఉట్టిలో వ్రేలాడదీసేవారు. మంచి వీపుసంచిలో ల్యాప్‌టాప్ అర కూడ ఉట్టివలె సంచి అడుగుకు రెండుమూడు సెంటీమీటర్ల ఎత్తున వ్రేలాడుతూ ఉంటుంది. సంచిని దబ్బున దించినప్పుడు అడుగుకు తగిలే దెబ్బ నేరుగా యంత్రానికి చేరదు. దీనిని పరీక్షించడం సులభం. ఒక మందపాటి పుస్తకాన్ని ఆ అరలో నిలబెట్టి, సంచి అడుగును బయటి నుండి వ్రేలితో నొక్కాలి. పుస్తకపు అంచు వెంటనే తగిలితే ఆ సంచిలో ఉట్టి లేదన్నమాట. వెనుక పట్టీలకు ఎంత మెత్తదనం ఉన్నా ఈ లోపం తీరదు.

హైదరాబాదులో వాన చెప్పి రాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టిని నగరవాసులు మరువలేదు. అంతటిది కాకపోయినా, జూన్ నుండి అక్టోబరు వరకు సాయంత్రం కార్యాలయాలు వదిలే వేళకు కురిసే జల్లు చాలు సంచిని పరీక్షించడానికి. ఇక్కడ రెండు మాటల భేదం గ్రహించాలి. జలాభేద్యమైనది నీటిని లోనికి చొరనీయదు; జలనిరోధకమైనది నీటిని కొంతసేపు ఆపుతుంది. అంగడిలో దొరికే సంచులలో అధికభాగం రెండవ రకానివి. గుడ్డ లోపలి వైపున పాలీయురిథేన్ పూత ఉండడం వలన గుడ్డ గుండా నీరు దిగకపోవచ్చును. సూది రంధ్రాలకు, జిప్పు పళ్లకు ఆ పూత ఉండదు. పైగా తేమలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత జిగురుగా మారి పొలుసులుగా రాలిపోతుంది. కావున జిప్పుపై గుడ్డ మడత కప్పి ఉన్న సంచిని ఎన్నుకొని, పైన తొడిగే రెయిన్ కవరును వెంట ఉంచుకోవాలి. వీపు వైపు నుండి కారే నీటిని ఆ కవరు ఆపలేదు. అందుకై ల్యాప్‌టాప్‌ను మందపాటి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టడమే అన్నింటికంటె చౌకైన ఉపాయం. నీటి భయం బయటి నుండియే కాదు. మూత సరిగా బిగించని పెరుగన్నం డబ్బా చేయగల నష్టం ముందు తొలకరి జల్లు ఎంత! సీసాకు బయటి ప్రక్కజేబు, డబ్బాకు వేరొక అర ఉండితీరాలి.

సంచిలోని వస్తువులను కాపాడితే చాలదు, మోసే శరీరాన్ని కూడ కాపాడాలి. 2020లో కేంద్ర విద్యామంత్రిత్వశాఖ ప్రకటించిన పాఠశాల సంచుల విధానం పిల్లల శరీరబరువులో 10 శాతానికి మించి సంచి ఉండరాదని చెప్పినది. ఇది పెద్దలకు శాసనం కాకపోయినా మంచి కొలబద్ద. ల్యాప్‌టాప్, ఛార్జరు కలిసి రెండున్నర కిలోలు, లీటరు నీరు ఒక కిలో, భోజనం ఒక కిలో అనుకొంటే, సంచి బరువే కిలోన్నర అయినప్పుడు మొత్తం ఆరు కిలోలవుతుంది. 50 కిలోల యువతికి ఇది హద్దు దాటిన భారమే. కనుక గట్టిదనం పేరిట మరీ బరువైన సంచిని కొనరాదు. బరువైన వస్తువులను వీపునకు ఆనించి సర్దాలి; అవి వెనుకకు జరిగేకొద్దీ భుజాలను వెనుకకు లాగుతాయి. ఒంటిభుజాన వేసుకొనడం అందంగా ఉన్నదని యువకులు భావిస్తారు. కావడిబద్దకు రెండు ప్రక్కలా బరువు కట్టిన మన పెద్దలకు ఆ సందేహం కలగలేదు.

ఇదే దారులలో రోజంతా భోజనపు పొట్లాలు చేరవేసే యువకుల సంగతి మరింత ఆలోచింపదగినది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గంచెరువు తీగల వంతెన వంటి ఎత్తైన చోట్ల, వీపున పెద్ద చదరపు సంచి వేసుకొని బండి నడిపేవారిని ఎదురుగాలి తోస్తుంది. అటువంటివారికి రొమ్ముపై బిగించే అడ్డపట్టీ, సంచి అడుగు బండి సీటుపై ఆనేటంత పొడవు, రాత్రి వెలుగును ప్రతిఫలించే పట్టీ అవసరం. వేలాడే పట్టీ కొసలను మడిచి కుట్టించుకోవాలి. అవి చక్రంలో చిక్కుకొంటే ప్రాణాపాయం.

శంషాబాదు విమానాశ్రయం నుండి ప్రయాణించేవారు మరొకటి గమనించాలి. దేశీయ విమానాలలో వెంట తీసుకొనిపోయే సామాను సాధారణంగా 7 కిలోలకు పరిమితం. పవర్ బ్యాంకును వెంట ఉంచుకొనే సంచిలోనే పెట్టాలి. విమానపు గిడ్డంగిలోకి పోయే సామానులో పెట్టరాదు. 100 వాట్-అవర్ల వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 20,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు 3.7 వోల్టుల వద్ద 74 వాట్-అవర్లు అవుతుంది కనుక చిక్కు లేదు.

వెల మాట చివరకు రావాలి. 800 రూపాయల సంచి ఏడాదికి చినిగితే, 3,000 రూపాయల సంచి ఆరేళ్లు నిలిస్తే, ఏడాదికి ఖర్చు 500 మాత్రమే. అయితే ఎక్కువ వెల గల సంచి తప్పక ఎక్కువకాలం మన్నుతుందన్న నియమం లేదు. హామీపత్రంలో జిప్పులకు, అరుగుదలకు హామీ ఉన్నదో లేదో చదివి, రసీదు దాచుకోవాలి. హామీ లేకపోయినా, చెప్పులు కుట్టేవారి వద్ద ఆరె, మైనం పట్టిన దారం ఉంటాయి. పట్టీ మొదట్లో ఒక కుట్టు తెగిన రోజుననే వారికి చూపిస్తే పది నిమిషాల పని. నెలరోజులు ఆగితే చుట్టూ ఉన్న గుడ్డ కూడ చినిగి, కుట్టడానికి పట్టు దొరకదు.

అభ్యాసం

1. ‘మూట’, ‘ముల్లె’ అనే పదాల అర్థభేదాన్ని తెలిపి, నేటి వీపుసంచికి అది ఎట్లు వర్తిస్తుందో వివరించండి.
2. ల్యాప్‌టాప్ అరను ఉట్టితో పోల్చడంలోని ఔచిత్యమేమి?
3. జలాభేద్యం, జలనిరోధకం అనే పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
4. మీరు కళాశాలకు తెచ్చే సంచిని బరువు తూచి, దాని కుట్లను, జిప్పును, పట్టీలను పరిశీలించి ఒక పుట మించకుండ వ్రాయండి.